చందాలు మొదలుకాకముందు చేసిన పనికి పింఛను: ఒక అప్పీలు పూర్వాపరాలు

న్యూజెర్సీలో ఆహార సరుకుల టోకు వ్యాపారం చేసే ఒక సంస్థ వేర్‌హౌస్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 62 ఏళ్లు నిండాక 2022 జనవరి నుంచి పింఛను కోరిన ఒక తెలుగాయన కేసు ఇది. యూనియన్ పింఛను నిధి ఆయనకు 17 ఏళ్ల సర్వీసు లెక్కగట్టి, నెలకు 465 డాలర్ల 76 సెంట్లు మంజూరు చేసింది. తాను అదే షెడ్డులో 23 ఏళ్లకు పైగా సరుకు దించానని ఆయన వాదన. ఈ ఆరేళ్ల తేడా అంతా యజమాని నిధికి చందా కట్టడం మొదలుపెట్టిన తేదీకి ముందు కాలానికి చెందినదే. అప్పీలులో ఆయన అధీకృత ప్రతినిధిగా నేను వ్యవహరించాను. దానికి ముందు ఇలాంటి నిధుల కార్యాలయంలో దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగం చేసినదాన్ని కనుక, అవతలి వైపు ఆలోచన ఎలా సాగుతుందో నాకు కొంత తెలుసు. మనిషినిగానీ నిధినిగానీ సంస్థనుగానీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. నిబంధనల స్వభావం, లెక్క వేసే పద్ధతి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

అమెరికాలో యూనియన్ పింఛను అనగానే మనవాళ్లు యూనియనే పింఛను ఇస్తుందనుకుంటారు. నిజానికి అది యూనియన్ డబ్బు కాదు, యజమాని చేతిలో ఉండే డబ్బూ కాదు. ఒకే యూనియన్‌తో ఒప్పందాలు చేసుకున్న అనేక సంస్థలు, కార్మికుడు పనిచేసిన ప్రతి గంటకు ఇంత అని ఒక ట్రస్టు నిధికి చందా కడతాయి. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ప్రకారం ఆ ట్రస్టును నిర్వహించే ట్రస్టీల్లో యూనియన్ తరఫు వారికీ యజమానుల తరఫు వారికీ సమాన ప్రాతినిధ్యం ఉండాలి. కార్మికుడు ఒక సంస్థ మాని, అదే నిధిలో ఉన్న మరో సంస్థలో చేరినా సర్వీసు తెగిపోదు. లారీ డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, హోటల్ పనివారు, వేర్‌హౌస్ కార్మికులు తరచుగా యజమానులను మారుస్తారు కాబట్టి ఈ ఏర్పాటు వాళ్లకు బాగా నప్పింది.

ఇలాంటి నిధి మొదలైన రోజున, లేదా ఉన్న నిధిలోకి కొత్త సంస్థ ఒకటి వచ్చి చేరిన రోజున, అప్పటికే అక్కడ పదేళ్లో పదిహేనేళ్లో పనిచేసి ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్ల పేరిట నిధికి ఒక్క సెంటు కూడా రాలేదు. అయినా వాళ్ల పాత ఏళ్లకు ఎంతో కొంత లెక్క ఇవ్వకపోతే, యాభై దాటిన కార్మికుడు ఆ ఒప్పందానికి ఓటు వేయడు. వేసినా చివరకు చేతికొచ్చే పింఛను నామమాత్రంగా ఉంటుంది. అందుకే నిధులు ఆ కాలానికి గత సర్వీసు క్రెడిట్ ఇస్తాయి. చందాలు వచ్చిన కాలానికి ఇచ్చేది భావి సర్వీసు క్రెడిట్. పింఛను ఈ రెండింటి మొత్తం.

ఈ కేసులో నా వాదనంతా ఆధారపడిన విషయం ఒకటుంది. గత సర్వీసు క్రెడిట్ చట్టం ఇచ్చిన హక్కు కాదు. ప్రైవేటు సంస్థల పింఛను పథకాలను నియంత్రించేందుకు 1974 సెప్టెంబరులో వచ్చిన ఎరిసా చట్టం పింఛను హక్కు ఎన్నేళ్లకు స్థిరపడాలో, సర్వీసులో విరామాన్ని ఎలా లెక్కించాలో చెప్పింది గానీ, యజమాని పథకంలో లేని కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఎక్కడా చెప్పలేదు. ఆ ఏళ్లను పక్కన పెట్టడానికి స్పష్టంగా అనుమతి కూడా ఇచ్చింది. కాబట్టి గత సర్వీసు అనేది పథకం తన నిబంధనావళిలో రాసుకున్న మాట మాత్రమే. ఎంత రాస్తే అంత, ఏ షరతుతో రాస్తే ఆ షరతుతోనే. కార్మికుడు ఎంత కష్టపడ్డాడన్నది ట్రస్టీల ముందు వాదనగా నిలవదు. ఆయన కష్టం నిబంధనలోని ఏ వాక్యం కిందికి వస్తుందన్నదే నిలుస్తుంది.

ఆ వాక్యాలు ఎందుకంత బిగువుగా ఉంటాయో డబ్బు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. కొత్త సంస్థ చేరిన తెల్లారే, ఎవరూ చందా కట్టని వేల సంవత్సరాల సర్వీసు నిధి మీద అప్పుగా పడుతుంది. ఆ అప్పును ఆ తర్వాత పనిచేసే వాళ్ల గంటల మీద వచ్చే చందాలతో ఏళ్ల తరబడి తీర్చాలి. అప్పటికే ఉన్న బహుళ యజమానుల పథకాలకు ఎరిసా మొదట్లో ఇందుకు 40 ఏళ్ల గడువు ఇచ్చింది. 2006 నాటి పింఛను సంరక్షణ చట్టం తర్వాత కొత్తగా మోపుకున్న భారాన్ని 15 ఏళ్లలో తీర్చాలి. గడువు కుదించుకుపోయేకొద్దీ ట్రస్టీలు గత సర్వీసు విషయంలో చేయి బిగించడం సహజం. దానికి తోడు, 1980 చట్ట సవరణతో, నిధిని విడిచి వెళ్లే యజమాని నిధిలోని లోటులో తన వాటా కట్టి వెళ్లాలి. కాబట్టి ముసలి కార్మికులు ఎక్కువగా ఉన్న కొత్త సంస్థ వస్తోందంటే పాత యజమానుల ట్రస్టీలకు గుబులే.

ఆ అప్పు తీరకముందే సంస్థ మూతపడితే ఏమవుతుందో స్టూడ్‌బేకర్ కార్ల కంపెనీ చూపించింది. అది బహుళ యజమానుల నిధి కాదు, ఒకే కంపెనీ ఆటో కార్మికుల యూనియన్‌తో చేసుకున్న పథకం. 1950లో మొదలైన ఆ పథకం కార్మికుల పాత ఏళ్లన్నిటికీ లెక్క ఇచ్చింది. 1963 డిసెంబరులో సౌత్‌బెండ్ ఫ్యాక్టరీ మూస్తున్నామని కంపెనీ ప్రకటించేనాటికి ఆ పాత ఏళ్లకు సరిపడా డబ్బు నిధిలో చేరలేదు. అరవై దాటిన సుమారు 3,600 మందికి పూర్తి పింఛను అందింది. నలభైకీ అరవైకీ మధ్య ఉన్న 4,000 మందికి పైగా కార్మికులకు వాళ్లకు రావలసిన దాని విలువలో సుమారు 15 శాతం చేతిలో పెట్టారు. మిగిలిన 2,900 మందికి ఏమీ దక్కలేదు. ఎరిసా చట్టం పుట్టడానికి చెప్పే కారణాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. గత సర్వీసు క్రెడిట్‌ను దానంగా చూసే కార్మికులకూ, కాగితం మీది అంకెగా చూసే యజమానులకూ నేను ఈ సంగతే చెబుతుంటాను.

మా కేసులోని నిధి నిబంధనావళికి వస్తాను. చందా తేదీకి ముందు అదే యజమాని దగ్గర, ఒప్పందం పరిధిలోకి వచ్చే రకం పనిలో, తెగకుండా చేసిన ప్రతి 12 నెలలకు ఒక ఏడాది గత సర్వీసు, గరిష్ఠంగా పదేళ్లు. 12 నెలలు నిండని ముక్కలు వదిలేస్తారు. చందా తేదీన కార్మికుడు ఆ పనిలో ఉండాలి. ఆ తర్వాత కనీసం ఐదేళ్ల భావి సర్వీసు సంపాదించాలి, అంతవరకు గత సర్వీసు కాగితం మీదే ఉంటుంది. యజమాని పదేళ్లలోపు నిధి నుంచి తప్పుకుంటే ఆ సంస్థ కార్మికుల గత సర్వీసు మొత్తం రద్దవుతుంది. చివరి షరతు చదివినప్పుడు మా క్లయింటు నిర్ఘాంతపోయాడు, కానీ అది చట్టబద్ధమే. సాధారణంగా స్థిరపడిన పింఛనును తీసివేయకూడదనే ఎరిసాయే, బహుళ యజమానుల పథకాలకు ఈ మినహాయింపు ఇచ్చింది. చందా బాధ్యత మొదలుకాకముందు చేసిన పని వల్ల వచ్చిన ప్రయోజనాన్ని, యజమాని చందాలు ఆపేస్తే, నిధి వెనక్కి తీసుకోవచ్చు. అప్పు తీర్చేవాడు మధ్యలో వెళ్లిపోతే ఆ భారం మిగతా సంస్థల కార్మికుల మీద పడకూడదన్నది దాని వెనుక లెక్క. మా క్లయింటు సంస్థ 2007 జనవరి 1న చేరి 15 ఏళ్లు చందా కట్టింది కనుక ఆ భయం లేదు.

రేట్లు కూడా చూడాలి. భావి సర్వీసు ఏడాదికి నెలకు 36 డాలర్లు, గత సర్వీసు ఏడాదికి 14 డాలర్లు. ఈ తేడాను అన్యాయమనుకోనక్కర్లేదు. ఒకదాని వెనుక చందా ఉంది, రెండో దాని వెనుక లేదు. అయితే గత సర్వీసుకు రేటుతో సంబంధం లేని రెండో ఉపయోగం కూడా ఉంది, అసలు డబ్బంతా అక్కడే ఉంది. ఈ నిధిలో మామూలు పింఛను వయసు 65. అంతకు ముందే తీసుకుంటే ఏడాదికి 6 శాతం చొప్పున కోత పడుతుంది. కానీ గత, భావి సర్వీసులు కలిపి 20 ఏళ్లు ఉన్నవాళ్లకు 62కే కోత లేకుండా ఇస్తారు. అంటే గత సర్వీసు ఏడాది విలువ 14 డాలర్లే అయినా, అది 19ని 20 చేసే ఏడాది అయితే దాని విలువ అంతకు ఎన్నో రెట్లు. నిధి కార్యాలయాల్లో దరఖాస్తు ముందుకొచ్చినప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఈ మనిషి ఏ గడపకు ఎంత దూరంలో ఆగిపోయాడు?

ఇక ఆయన పని చరిత్ర. అన్నయ్య స్పాన్సర్ చేసిన వీసా మీద తెనాలి వైపు నుంచి కుటుంబంతో వచ్చి, 1998 మే నెలలో ఒక తాత్కాలిక ఉద్యోగాల ఏజెన్సీ ద్వారా ఆ వేర్‌హౌస్‌లో చేరాడు. 2000 డిసెంబరు దాకా జీతం ఏజెన్సీ పేరిటే వచ్చింది. 2001 జనవరిలో ఆయన్ను శాశ్వత ఉద్యోగిగా తీసుకున్నారు గానీ, తీసుకున్నది అసలు వ్యాపార సంస్థ కాదు. అదే యజమానులు వేర్‌హౌస్ నిర్వహణకు పెట్టిన వేరే కంపెనీ. 2003 జూన్ చివర ఆ కంపెనీని అసలు సంస్థలో కలిపేశారు. 2004 మార్చి మొదట్లో తండ్రికి పక్షవాతం వచ్చిందని తెలిసి ఇండియా వెళ్లాడు. ఆయన పోయాక కర్మకాండలు, ఆస్తి కాగితాలు చూసుకుని అక్టోబరు ఆఖరుకు తిరిగొచ్చి, నవంబరు 1న పనిలోకి ఎక్కాడు. ఆ తర్వాత 2021 డిసెంబరు వరకు విరామం లేదు.

నిధి ఆయనకు ఇచ్చిన గత సర్వీసు రెండేళ్లు. 2004 నవంబరు 1 నుంచి 2006 డిసెంబరు 31 వరకు 26 నెలలు, అందులో నిండిన ఏళ్లు రెండు. భావి సర్వీసు 2007 నుంచి 2021 వరకు 15 ఏళ్లు. 15ను 36తో గుణిస్తే 540, రెండు 14లు 28, మొత్తం 568. ఇరవై ఏళ్లు లేవు కాబట్టి 65కు మూడేళ్ల ముందుగా తీసుకున్నందుకు 18 శాతం కోత. మిగిలింది 465.76. భార్యకు వారసత్వ పింఛను ఎంచుకున్నందువల్ల దీనిలో ఇంకొంత తగ్గుతుంది, కానీ అది వేరే లెక్క కనుక ఇక్కడి అంకెలన్నీ ఆ తగ్గింపుకు ముందువే.

ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు కోపమంతా ఆ వేరే కంపెనీ మీదే. “అమ్మా, షెడ్డు అదే, ఫోర్క్‌లిఫ్ట్ అదే, తిట్టే సూపర్‌వైజరూ అతనే. చెక్కు మీద పేరు మారితే నేను మారిపోయినట్టా?” అన్నాడు. “మీరు మారలేదు బాబాయిగారూ. కానీ నిధి చూసేది మిమ్మల్ని కాదు, యజమాని ఎవరన్నదాన్ని. ముందు 2004 సంగతి తేలాలి,” అన్నాను. కారణం సులభమే. 2004లో సర్వీసు తెగిందని ఒప్పుకుంటే, దానికి ముందున్న కంపెనీ ఏదైనా ఒకటే. వెనక్కి నడిచే దారి అక్కడే మూసుకుపోతుంది.

ఇండియా పద్ధతితో పోల్చి చూడటం ఆయనకు అలవాటు. ఇండియాలోనే ఉండిపోయిన వాళ్ల తమ్ముడు జూట్ మిల్లులో పనిచేశాడట. “వాడికి 1995కు ముందుది కూడా కలిపారు, ఇంత గొడవ లేదు” అన్నాడు. ఆ పోలికలో కొంత నిజముంది. మన ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న అమల్లోకి వచ్చినప్పుడు, అంతకు ముందున్న 1971 నాటి కుటుంబ పింఛను నిధిలో సభ్యత్వం ఉన్న కాలాన్ని గత సేవగా లెక్కించింది. అక్కడా గత సేవకు జీతంతో ముడిపడిన పూర్తి సూత్రం వర్తించదు. ఆనాటి జీతం 2,500 రూపాయల లోపా పైనా అన్నదాన్ని బట్టి, 11 ఏళ్ల లోపు గత సేవకు 80 లేదా 85 రూపాయలు, 20 ఏళ్లు దాటితే 150 లేదా 170 రూపాయలు అని స్థిరమైన మొత్తాలు పెట్టి, ఆ తర్వాత 58 ఏళ్లు నిండేదాకా గడిచిన కాలాన్ని బట్టి ఒక పట్టికలోని గుణకంతో పెంచుతారు. కానీ అక్కడ పాత నిధికి ఎంతో కొంత చందా వచ్చి ఉంది. సభ్యత్వం లేని ఉద్యోగం అక్కడా గత సేవ కాదు. మా కేసులో పాత కాలానికి చందా పూర్తిగా సున్నా. అందుకే సాక్ష్యం భారమంతా ఆయన మీద పడింది.

తిరస్కరణ అందాక మొదటి పని పత్రాలు అడగడం. ప్రతికూల నిర్ణయం వచ్చిన దరఖాస్తుదారుకు, దానికి సంబంధించిన పత్రాలన్నిటినీ నిధి ఉచితంగా ఇవ్వాలి. నిబంధనావళి మాత్రమే అడిగితే సరిపోదు. మేము సంస్థ నిధిలో చేరినప్పటి భాగస్వామ్య ఒప్పందం, ఆ చేరికను ఆమోదించిన ట్రస్టీల సమావేశం మినిట్స్, అప్పుడు యజమాని సమర్పించిన ఉద్యోగుల జాబితా, అదే సంస్థలోని ఇతర కార్మికుల గత సర్వీసుపై తీసుకున్న నిర్ణయాలు (పేర్లు కొట్టేసి) అడిగాం. చివరిదాన్ని అడగడానికి ఆధారం ఉంది. ఒకే పరిస్థితిలో ఉన్నవాళ్లకు నిబంధనలను ఒకేలా వర్తింపజేసే ఏర్పాటు ప్రతి పథకంలోనూ ఉండాలని కార్మిక శాఖ నిబంధన చెబుతుంది.

కేసు మలుపు ఆ ఉద్యోగుల జాబితాలో దొరికింది. కొత్త సంస్థ చేరేటప్పుడు యజమాని ఒక్కో ఉద్యోగి పుట్టిన తేదీ, చేరిన తేదీ రాసి ఇస్తాడు. పింఛను భారాలు అంచనా వేసే నిపుణుడు, అంటే యాక్చురీ, ఆ జాబితా చూసే భారం లెక్కగట్టి, గంటకు ఎంత చందా ఉండాలో చెబుతాడు. మా క్లయింటు ఎదురుగా చేరిన తేదీ 2004 నవంబరు 1 అని ఉంది. తిరిగొచ్చినప్పుడు పేరోల్ వాళ్లు ఆయన్ను కొత్త ఉద్యోగిగా ఎక్కించారు, పాత తేదీ అక్కడ చెరిగిపోయింది. అదే జాబితాలో 2003 విలీనం ద్వారా వచ్చిన మరో ఇద్దరికి మాత్రం, వేరే కంపెనీలో చేరిన 2001 నాటి తేదీలే ఉన్నాయి. నిధి ఆ తేదీలను ప్రశ్నించకుండా ఆ ఇద్దరికీ గత సర్వీసు ఇచ్చింది. ఆ రెండు వరుసలు చూశాక, కంపెనీ పేరు సంగతి సగం తేలిపోయినట్టే అనిపించింది.

అయినా దాని మీదే ఆధారపడలేదు. నిబంధనావళిలో యజమాని అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో, యజమాని వ్యాపారంలో విలీనమైన పూర్వ సంస్థ కూడా చేరుతుందని ఒక ఉపవాక్యం ఉంది. విలీనాన్ని రాష్ట్ర ప్రభుత్వ రికార్డుల నుంచి తీసిన ధ్రువపత్రంతో చూపాం. ఆయన రెండు కంపెనీల్లోనూ పనిచేశాడనడానికి సామాజిక భద్రతా సంస్థ నుంచి, రుసుము కట్టి, యజమానుల వారీ సంపాదన వివరాలు తెప్పించాం. ఇంటికి ఉచితంగా వచ్చే వార్షిక పత్రంలో ఏ ఏడాది ఎంత సంపాదన అన్నది మాత్రమే ఉంటుంది, యజమాని పేరుండదు. ఆ తేడా తెలియక చాలామంది ఉచిత పత్రమే జతచేసి ఊరుకుంటారు. వివరమైన నివేదిక రావడానికి నెలలు పడుతుంది, అప్పీలుకు గడువు 60 రోజులే. అందువల్ల గడువులోపే అప్పీలు దాఖలు చేసి, నివేదిక వచ్చాక జతచేస్తామని అందులోనే రాశాం.

విరామం విషయంలో ఆ నివేదిక పూర్తిగా సాయం చేయలేదు. 1978కు ముందు యజమానులు జీతాలను మూడు నెలలకోసారి నివేదించేవారు. అందుకే పాత తరం నిర్మాణ కార్మికుల కేసుల్లో ఏ త్రైమాసికంలో పనిలో ఉన్నాడో సామాజిక భద్రతా రికార్డే చెప్పేస్తుంది. 1978 నుంచి లెక్క ఏడాదికి ఒకటే. 2003లోనూ, 2004లోనూ, 2005లోనూ అదే యజమాని దగ్గర సంపాదన ఉందని తెలుస్తుంది, 2004లో మధ్య ఎనిమిది నెలలు లేవన్నదీ తగ్గిన మొత్తాన్ని బట్టి ఊహించవచ్చు. కానీ ఆయన సెలవు మీద వెళ్లాడా, మానేసి వెళ్లాడా అన్నది అంకెలు చెప్పవు. నిధి నిబంధన ప్రకారం యజమాని అనుమతితో 12 నెలల లోపు గైర్హాజరైతే సర్వీసు తెగదు, ఆ నెలలు లెక్కలోకి మాత్రం రావు. అనుమతికి రాతపూర్వక ఆధారం లేదు. సంస్థ తన పాత సిబ్బంది దస్త్రాలు దొరకడం లేదని ఒక్క వాక్యంలో జవాబిచ్చింది.

ఆధారం ఆయన ఇంట్లోనే ఉంది. వెన్న బిస్కట్లు వచ్చే నీలం రంగు గుండ్రటి డబ్బాలో, రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుపోయిన పే స్టబ్బుల (జీతం చెక్కుతో వచ్చే చీటీల) కట్టలు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి వరసగా పరిచాం. 2004 ఫిబ్రవరి ఆఖరు వారం స్టబ్ మీద పైన కుడి మూలన నాలుగంకెల క్లాక్ నంబరు ఉంది. 2004 నవంబరు రెండో వారం స్టబ్ మీదా అదే నంబరు. కొత్తగా చేరిన వాళ్లకు కొత్త నంబరు ఇవ్వడం ఆ సంస్థ అలవాటని, అదే నవంబరులో చేరిన మరో కార్మికుడి స్టబ్ తెచ్చి చూపాం. అంతకంటే బలమైనది రెండో స్టబ్ మీది సెలవుల నిల్వ. ఫిబ్రవరిలో 31 గంటలున్న నిల్వ నవంబరులో కూడా 31 గంటలుగానే ఉంది. కొత్తగా చేరిన మనిషికి మొదటి వారంలో 31 గంటల సెలవు నిల్వ ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి తోడుగా పాస్‌పోర్టు మీది ప్రవేశ ముద్రలు, అప్పటి షిఫ్టు లీడు ఇచ్చిన ప్రమాణపత్రం పెట్టాం. తోటివాళ్ల ప్రమాణపత్రాలు ఒంటరిగా పెద్ద బరువు తూగవని నిధి కార్యాలయంలో ఉన్నప్పుడు నేనే గమనించాను. కాగితానికి తోడుగా వచ్చినప్పుడే వాటికి విలువ.

ఏజెన్సీ కాలం, అంటే 1998 మే నుంచి 2000 డిసెంబరు వరకు ఉన్న 32 నెలలు, గెలవడం కష్టమని మొదటే చెప్పాను. ఆ రోజుల్లో ఆయనకు పని చెప్పిందీ, పని తప్పు పట్టిందీ వేర్‌హౌస్ వాళ్లేనన్నది నిజం. పన్ను చట్టంలో అద్దె ఉద్యోగుల గురించి నియమాలూ ఉన్నాయి. కానీ అవి పథకం నడుస్తున్న కాలానికి సంబంధించిన అర్హతల మీద పనిచేస్తాయి. పథకం స్వచ్ఛందంగా ఇచ్చే గత సర్వీసుకు నిర్వచనం మార్చవు. పైగా ఏజెన్సీ కాలం 2006 నాటి జాబితాలో ఎవరికీ లెక్కలోకి రాలేదు, కాబట్టి సమానత్వపు వాదన ఇక్కడ మాకే ఎదురు తిరుగుతుంది. అయినా అప్పీలులో ఆ కోరికనూ చేర్చాం. అప్పీలులో పెట్టని అంశాన్ని తర్వాత కోర్టులో కొత్తగా లేవనెత్తడం చాలా కష్టం. నిబంధనల అర్థం చెప్పే విచక్షణను పథకమే ట్రస్టీలకు ఇచ్చి ఉంటే, 1989 నాటి సుప్రీంకోర్టు ఫైర్‌స్టోన్ తీర్పు తర్వాత, కోర్టులు ట్రస్టీల నిర్ణయం సమంజసమా కాదా అనే చూస్తాయి గానీ తమంత తాము మొదటి నుంచి తేల్చవు. చూసే రికార్డు కూడా మామూలుగా ట్రస్టీల ముందున్నదే. కాబట్టి ఈ రకం కేసుల్లో అసలు విచారణ అప్పీలే అనుకుని, ఉన్నదంతా అక్కడే పెట్టాలి.

అప్పీలు 2022 మార్చిలో దాఖలైంది. ట్రస్టీలు మూడు నెలలకోసారి కూర్చుంటారు. మే సమావేశంలో, సామాజిక భద్రతా నివేదిక రాలేదన్న కారణంతో వాయిదా వేసి, ఆగస్టులో నిర్ణయించారు. యజమానుల తరఫు ట్రస్టీ ఒకరు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: 2006లో మాకు ఇచ్చిన జాబితా మీద ఆధారపడి చందా రేటు ఖరారు చేశాం, పదహారేళ్ల తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తేదీ తప్పంటే ఆ లోటు ఎవరు భరించాలి? దానికి మా జవాబు నిబంధనావళిలోంచే ఇచ్చాం. యజమాని జాబితా ప్రాథమిక సాక్ష్యం మాత్రమేననీ, కార్మికుడు ఇతర విశ్వసనీయ రికార్డులతో దాన్ని సవరించమని కోరవచ్చనీ అందులో ఉంది. నిధి 2007లో ప్రతి కార్మికుడికీ గత సర్వీసు పత్రం పంపి అభ్యంతరాలు అడిగిన మాట నిజమే గానీ, ఆ పత్రంలో గడువు దాటితే హక్కు పోతుందన్న హెచ్చరిక లేదు. ఆయనకు ఆ పత్రం అందింది కూడా. ఇంగ్లీషులో వచ్చిన ప్రతి కవరునూ పిల్లలు చదివి పెట్టేదాకా పక్కన పడేసే ఇల్లు అది, అలాంటి ఇళ్లు మన తల్లిదండ్రుల తరంలో కొల్లలు.

ట్రస్టీలు ఏజెన్సీ కాలాన్ని తిరస్కరించి, మిగిలిన రెండు అంశాలనూ ఒప్పుకున్నారు. లెక్క ఇలా మారింది. 2001 జనవరి నుంచి 2006 డిసెంబరు వరకు 72 నెలలు, అందులో లెక్కకు రాని గైర్హాజరు 8 నెలలు తీసేస్తే 64. నిండిన ఏళ్లు ఐదు, నాలుగు నెలలు వృథా. గత సర్వీసు 2 నుంచి 5కు పెరిగింది. దాని నేరుగా విలువ 42 డాలర్లే. కానీ మొత్తం సర్వీసు 17 నుంచి సరిగ్గా 20కి చేరడంతో 62 ఏళ్లకు పడిన 18 శాతం కోత పోయింది. 540కి 70 కలిపి 610 డాలర్లు, కోత లేకుండా. నెలకు 144 డాలర్ల 24 సెంట్ల పెరుగుదలలో వంద డాలర్లకు పైగా ఆ కోత తొలగడం వల్ల వచ్చిందే. జనవరి నుంచి రావలసిన తేడా సెప్టెంబరు పింఛనుతో కలిపి వేశారు.

నిధి ఆర్థికంగా ఆరోగ్యంగా ఉండటం కూడా ఇక్కడ కలిసొచ్చింది. 2006 చట్టం ప్రకారం విషమ స్థితిలో ఉన్నట్టు ధ్రువపడిన నిధులు, ఇంకా పింఛను మొదలుకాని వాళ్ల విషయంలో ఇలాంటి ముందస్తు పింఛను రాయితీలను తగ్గించుకోవచ్చు. ఆ పరిస్థితుల్లో మూడేళ్ల గత సర్వీసు గెలిచినా 42 డాలర్ల దగ్గరే, అదీ వయసు కోతతో, ఆగిపోయేవాళ్లం.

ఏజెన్సీ కాలం మీద కోర్టుకు వెళ్లాలా అని ఆయన అడిగాడు. ఆ 32 నెలలూ వృథా అయిన నాలుగు నెలలతో కలిస్తే 36, అంటే సరిగ్గా మూడేళ్లు, నెలకు 42 డాలర్లు. ఇరవై ఏళ్ల గడప అప్పటికే దాటాడు కాబట్టి అంతకు మించి ఒరిగేది లేదు. నిర్వచనం మాకు వ్యతిరేకంగా ఉంది, కోర్టు ట్రస్టీల వైపే మొగ్గే ప్రమాణం ఉంది, లాయరు ఖర్చు చేతి నుంచే. వద్దన్నాను, ఆయనా ఒప్పుకున్నాడు. అదే యూనియన్ స్థానిక శాఖ ఆ పక్క పట్టణంలోని మరో వేర్‌హౌస్‌ను నిధిలో చేర్చుకునే చర్చలు జరుపుతున్నప్పుడు మాత్రం, ఏజెన్సీ ద్వారా పనిచేసిన కాలాన్ని గత సర్వీసులో చేర్చే వాక్యం ఒకటి భాగస్వామ్య ఒప్పందం ముసాయిదాలో పెట్టమని వాళ్ల ప్రతినిధికి రాశాను. యాక్చురీ దానికి గంటకు ఎన్ని సెంట్ల అదనపు చందా అవుతుందో లెక్కగట్టి ఇచ్చాక, యజమానితో బేరం అక్కడి నుంచి మొదలైంది.